పద్నాలుగంగుళాల లారీ

నరసింగరావు ముప్పై ఒక్క సంవత్సరాలు లారీ తోలాడు. బండి సాలూరు ఓనరుది. ఒరిస్సా నుంచి ముడిరాయి గరివిడి ఫ్యాక్టరీకి తెచ్చేవాడు, గరివిడిలో సరుకెత్తి విశాఖపట్నం పోర్టులో దింపేవాడు. అరవయ్యో ఏట నడుంలో పూస జారింది. డాక్టరు ఫిల్మును లైటు ముందు పెట్టి చూసి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు.

"ఎన్నాళ్ళు బాబూ?" అని అడిగాడు నరసింగరావు.

"ఎన్నాళ్ళేమిటి, ఇక అంతే" అన్నాడు డాక్టరు.

ఆ రోజు నుంచి గరివిడిలో వాళ్ళ ఇంటి ముందు రోడ్డు మీద వెళ్ళే బండ్లకు మనశ్శాంతి లేకుండా పోయింది. అరుగు మీద కూర్చుని, "సెకండెయ్‌రా! మలుపులో టాపు గేరేట్రా నీకు!" అని కేకలు పెట్టేవాడు. చెవి పెట్టి విని, ఏ బస్సుకు ఏ బేరింగు పోయిందో డ్రైవరుకు చెప్పేవాడు. ఒకరోజు ఒక ట్రాక్టరు డ్రైవరుకు ఒళ్ళు మండి, బండాపి దిగి, "రా తాతా, నువ్వే తోలు" అని తాళం అతని చేతిలో పెట్టాడు. నరసింగరావు ఆ తాళాన్ని కాసేపు పట్టుకుని, తిరిగిచ్చేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు రాణికి తల్లి ధనలక్ష్మి ఈ సంగతి ఫోనులో చెప్పింది. ఆ ఆదివారం రాణి తన కాలేజీ రోజుల నాటి కంప్యూటరు పట్టుకొచ్చి, అందులో ఒక లారీ ఆట ఎక్కించి తండ్రి ముందు పెట్టింది. ఏదో చల్లని దేశం. స్టీరింగు ఎడమవైపు ఉంది. బండ్లన్నీ కుడివైపున పోతున్నాయి.

"ఇదేటి, అందరూ రాంగు సైడొస్తన్నారు!" అంటూ మొదటి రోజు నరసింగరావు నాలుగు కార్లను గుద్దాడు. మూడో రోజుకు అలవాటు పడ్డాడు. వారం తిరిగేసరికి తెల్లారి లేచి మొహం కడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని మరీ డ్యూటీ ఎక్కుతున్నాడు. అరుగు ఖాళీ అయింది. రోడ్డు మీద డ్రైవర్లు ఊపిరి పీల్చుకున్నారు.

అయితే ఆ కంప్యూటరు ముసలిది. ఇప్పుడు బ్రేకు నొక్కితే కాసేపటికి గాని పడేది కాదు. ఈలోపు లారీ కాలవలో ఉండేది. పదహారో రోజున లోపల ఏదో చిటపటలాడి, కమురు వాసన వచ్చి, తెర నల్లగా అయిపోయింది.

"ఇంజను సీజయిపోయింది" అని కూతురికి ఫోను చేశాడు నరసింగరావు.

"గేమింగ్ లాప్‌టాప్ కొనుక్కో నాన్నా. డబ్బులు నేను పంపుతాను. అరవై వేలు దాటకుండా చూసుకో" అంది రాణి.

ధనలక్ష్మి మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల, దాని మీద ఆమె మిషను. బల్ల పక్కన ఉన్నది ఒకటే ప్లగ్గు, అందులో మిషను మోటారు వైరు. ఆమె మెడలోని టేపు తీసి మిషను పక్కనున్న ఖాళీ కొలిచింది.

"పద్నాలుగంగుళాలు. అంతకన్నా పెద్దదొస్తే నా కత్తెర్లు కింద పెట్టుకోవాల. నువ్వు కొనీసి తెచ్చేస్తే నాను ఒప్పుకోను. నానూ వస్తాను."

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ విజయనగరం బస్సెక్కారు. నెల్లిమర్లలో ధనలక్ష్మి తమ్ముడు గిరిబాబు ఎక్కాడు. అతను జూటు మిల్లులో పని చేస్తాడు, మధ్యాహ్నం షిఫ్టు. కంప్యూటరు ఒక్కటి కూడా కొనకపోయినా, వాటి గురించి ఫోనులో వచ్చే వీడియోలన్నీ చూసినవాడు.

"బావా, నువ్వేటీ మాటాడకు. మొత్తం నాకొగ్గీ" అన్నాడు, సీట్లో కూర్చుంటూనే.

త్రినాథ్ కంప్యూటర్ల కొట్టు మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక సందులో ఉంది. త్రినాథ్ నవ్వుతూ ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, "మనవడు ఏం చదువుతున్నాడు మావయ్యా?" అన్నాడు.

"మనవడు కాదు. నాకే."

"ఏ పనికి మావయ్యా?"

"లారీ తోలడానికి."

త్రినాథ్ గిరిబాబు వైపు చూశాడు. గిరిబాబు అంతా వివరించాడు. విన్నాక త్రినాథ్ లోపలికి వెళ్ళి రెండు లాప్‌టాప్‌లు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

ఒకటి నాలుగేళ్ళ కిందటి మోడలు. ఒక ఇంజనీరింగు కుర్రాడు వాడి అమ్మేసినది. లావుగా, బరువుగా, మూలలు కొంచెం అరిగి ఉంది. కానీ బొమ్మను ఆడించే గ్రాఫిక్స్ కార్డు పెద్దది. రెండోది ఈ ఏడాది వచ్చింది. పలక లాగా పల్చగా మెరుస్తోంది. కార్డు ఒక మెట్టు తక్కువ, మిగతావన్నీ కొత్తవి, పైగా ఏడాది గ్యారంటీ. రెండింటి ధరకూ తేడా మూడు వేలే. రెండూ పద్నాలుగంగుళాలవే, అరవై లోపే అన్నాడు త్రినాథ్.

ధనలక్ష్మి లేచి మాట్లాడకుండా టేపు తీసి కొలిచింది. మొహం చిట్లించింది.

"పన్నెండున్నరే ఉన్నాది. పద్నాలుగన్నావు?"

"పద్నాలుగంటే తెరమ్మా. ఈ మూల నుంచి ఆ మూలకి కొలుస్తారు" అన్నాడు త్రినాథ్.

"ఐమూలగానా?" ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "నాను బట్ట ఐమూలగా కొలిసి జాకెట్టుకి సరిపోయిందంటే, గరివిడిలో నన్ను బతకనిస్తారేటి?"

"తక్కువుంటే మనకే మంచిది కదక్కా" అన్నాడు గిరిబాబు. "బావా, నా మాటిను. కొత్తదే తీసుకో. ప్రాసెసరు జెనరేషనే మారిపోయింది."

"జెనరేషనంటే ఏట్రా?"

"తరం."

"తరం మారి బాగుపడింది ఒక్కటి సూపించు." అంటూ నరసింగరావు రెండింటినీ ఆన్ చేయించాడు. పాతదాని పక్కన చెవి పెట్టాడు. లోపల ఫ్యాను గుర్రుమంటోంది. అతని మొహం విచ్చుకుంది. "ఇదిరా బండంటే." తర్వాత కొత్తదాని దగ్గర వంగి చాలాసేపు విన్నాడు. "ఇది బతికే ఉన్నాదా?"

ధనలక్ష్మి పాతదాని మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "ఓలమ్మో! దీని మీద అట్లు పోసుకోవచ్చు. పట్టు జాకెట్టు గాని తగిల్తే ఎవులిస్తారు డబ్బులు?"

"అదే నేనూ అంటన్నాను" అన్నాడు గిరిబాబు. "అసలు సంగతి బ్యాటరీ. అన్నా, కరెంటు లేకుండా ఏదెంతసేపు నడుస్తాదో సెప్పు."

"పాతదైతే గంట. ఆట ఆడితే ఇంకా తక్కువే" అన్నాడు త్రినాథ్, దాచకుండా. "కొత్తదైతే మామూలుగా ఆరు గంటలు. ఆట ఆడినా ఓ రెండు గంటలకు ఢోకా లేదు."

గిరిబాబు గెలిచినట్టు బావ వైపు చూశాడు. కానీ ముందు నోరు విప్పింది ధనలక్ష్మి.

"అయితే పాతదే ఇవ్వు బాబూ. వేడికి కింద పీటేసుకుంటాను."

త్రినాథ్ పన్నెండేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడు. బ్యాటరీ తొందరగా అయిపోతుందని విని కొనేవాళ్ళను అతను ఇంతవరకూ చూడలేదు.

"ప్లగ్గు నా మిషనుకే ఉంటాది కదా" అంది ఆమె. "గంటకి ఇది ఆగిపోతాది. అప్పుడు లేస్తాడు. తానం సేస్తాడు, కూడు తింటాడు, బజారెల్లి కూర తెస్తాడు. రోజల్లా నడిసేది కొన్నానంటే ఇంక ఈ మనిషి మొహం నాను సూడను."

పాతదాని మీద మనసు పడ్డ నరసింగరావుకు అప్పుడు గాని అసలు ప్రమాదం అర్థం కాలేదు. "గంటలో సాలూరు నుంచి పార్వతీపురం కూడా దాటను! నాకు కొత్తదే గావాల" అన్నాడు.

"నువ్వే కదా అది బతికున్నాదా అన్నావు?"

"ఇప్పుడు బతికింది."

ఇద్దరూ చెరో లాప్‌టాప్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. గిరిబాబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బావ ఒప్పుకున్నాడు గాని అక్క అడ్డం తిరిగింది. అతను చూసిన వీడియోలు వేటిలోనూ ఇది లేదు.

"తోలి సూడకుండా బండి కొనీది లేదు" అన్నాడు చివరికి నరసింగరావు. త్రినాథ్ రెండింటిలోనూ అదే లారీ ఆట ఎక్కించాడు. నరసింగరావు తువ్వాలు చుట్టుకుని ముందు కొత్తదాని మీద కూర్చున్నాడు. చదునులో చక్కగా పోయింది గాని, కొండెక్కేటప్పుడు బొమ్మ కొద్దిగా తడబడింది. త్రినాథ్ ఏదో నొక్కి, "చెట్ల నీడలు తీసేశాను మావయ్యా, ఇప్పుడు చూడండి" అన్నాడు. బండి సాఫీగా ఎక్కింది. "డ్రైవరుకి నీడెందుకు, తీసీ" అన్నాడు నరసింగరావు. తర్వాత పాతదాని మీద కూర్చున్నాడు. అది నీడలతో సహా కొండ ఎక్కేసింది. కానీ ఆ సంబరంలో వేగం చూసుకోక, టోలు గేటును గుద్దుకుని జరిమానా కట్టాడు. అరగంటయ్యేసరికి నడుం పట్టేసింది. మెల్లగా లేచి గోడకు ఆనుకున్నాడు.

బస్సులో నెల్లిమర్ల దాకా నిలబడే వచ్చిన ధనలక్ష్మి, ఖాళీ అయిన ఆ కుర్చీలో కూలబడింది. ఎదురుగా తెర మీద లారీ రోడ్డు వారగా ఆగి ఉంది. వాన పడుతోంది. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. అద్దం అవతల, కొండ మలుపులో పొగమంచు.

ఆమె కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుంది.

పెళ్ళయిన కొత్తలో ఆమె మొగుణ్ణి ఒక్కటే కోరిక కోరింది. సాలూరు దాటాక ఉండే ఘాటీ రోడ్డు మీద ఒకసారి లారీలో తీసుకెళ్ళమంది. ఆడవాళ్ళు క్యాబిన్లో కూర్చోకూడదని, ఓనరు ఊరుకోడని అతను కొట్టిపారేశాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు. అతను మాత్రం ట్రిప్పు నుంచి వచ్చినప్పుడల్లా అన్నం తింటూ ఆ మంచు గురించీ, ఆ మలుపుల గురించీ, పైన దొరికే టీ గురించీ చెప్పేవాడు. ఆమె వడ్డిస్తూ వినేది.

"మావా, నువ్వు సెప్పిన మంచు ఇలగే ఉంటాదా?" అంది, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

నరసింగరావు తెర వైపు చూశాడు. "ఇంతకన్నా సిక్కగా ఉంటాది. లైటేసినా అవతలేటీ అగుపడదు."

"దీన్ని ముందుకెలగ పోనిస్తారు?"

అతను నడుం పట్టుకుని వచ్చి, ఆమె కుర్చీ వెనక వంగి, ఏ మీట ఏమిటో చూపించాడు. ఆమె ముందు హారను నొక్కింది. కొట్టంతా మోగింది. తర్వాత లారీ కదిలింది.

మొదటి మలుపులో అందరూ ఊపిరి బిగబట్టారు. లారీ గీత దాటకుండా తిరిగింది. రెండో మలుపూ అంతే. మూడు మలుపులు దాటేసరికి గిరిబాబు నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా జాకెట్ల అంచులు తిన్నగా కుట్టిన మనిషి ఆమె. గీత కనిపిస్తే వంకర పోవడం ఆమెకు చేతకాదు.

"ఎడమ అద్దం సూసుకో. వెనకోడు ఓవరుటేకు సేస్తన్నాడు. పోనీ ఆణ్ణి" అంటున్నాడు నరసింగరావు. ఎప్పుడు క్లీనరుగా మారిపోయాడో అతనికే తెలియదు.

"ఏటి లోడు ఇది?"

"పాలపొడి. పోర్టుకి దింపాల."

"పసిపిల్లల సరుకన్నమాట. మెల్లగా ఎల్తాను."

అలా ఆమె మెల్లగా కొండ దిగింది, టోలు గేటు దగ్గర మర్యాదగా ఆగింది, ఊరి పొలిమేరకు చేరింది. పోర్టు ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది. అప్పుడు కరెంటు పోయింది.

కొట్టులో ఇన్వర్టరు మీద ఒక లైటూ, గల్లాపెట్టె దగ్గర కంప్యూటరూ మాత్రం వెలిగాయి. పాత లాప్‌టాప్ ప్లగ్గు ఇన్వర్టరు మీద లేదు. ఫ్యాను మోత తగ్గి, తెర మసకబారి, లారీ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది.

"ఏటయ్యింది దీనికి? బేగి పోదేటి?"

"బ్యాటరీ మీద ఉందమ్మా. ఛార్జి కూడా ఫుల్లుగా లేదు" అన్నాడు త్రినాథ్ నసుగుతూ.

"మూడు కిలోమీటర్లే! పోనీ, పోనీ!" అని నరసింగరావు అరుస్తున్నాడు. పోర్టు క్రేన్లు దూరంగా కనిపించాయి. ధనలక్ష్మి ముందుకు వంగింది. తెర టక్కున ఆరిపోయింది.

అందులో ఇప్పుడు ఆమె మొహమే కనిపిస్తోంది.

"నా పాలపొడి?" అంది.

"మళ్ళీ మొదట్నుంచి తోలాలమ్మా" అన్నాడు త్రినాథ్.

ఆమె లేచి, కుర్చీని రెండు చేతులతో ఎత్తి, కొత్తదాని ముందు వేసుకుంది. "దీన్లో ఎయ్యి."

గిరిబాబు గడియారం చూసుకున్నాడు. "అక్కా, నాకు షిఫ్టుకి టైమవుతున్నాది..."

"ఎల్లు మరి. ఎవులాపినారు?"

కానీ అతను వెళ్ళలేదు. ప్రింటరు సిరా కోసం వచ్చిన ఒకాయన కూడా వెళ్ళలేదు. కరెంటు లేని ఆ కొట్టులో, తెర వెలుగు మొహాల మీద పడుతుండగా, అందరూ ధనలక్ష్మి వెనక గుమిగూడి నిలబడ్డారు. ఆమె మళ్ళీ అదే మంచులో, అవే మలుపులు తిరిగి, అదే టోలు గేటు దాటింది. నలభై నిమిషాలు పట్టింది. బ్యాటరీ ఇంకా సగం పైనే ఉంది. పోర్టు గేటు దాటాక అసలు చిక్కు వచ్చింది. పొడుగాటి ట్రైలరును రెండు గోడౌన్ల మధ్య సందులోకి రివర్సులో పెట్టాలి.

ఆమె తడబడింది. ట్రైలరు అటు పోతే ముందు భాగం ఇటు వస్తోంది.

"ఒసే, కంగారు పడకు. నా సెయ్యి సప్పుడు ఇను" అన్నాడు నరసింగరావు. క్లీనరు లారీ బాడీని చరిచినట్టు బల్లను అరచేత్తో చరిచాడు. "రానీ... రానీ... ఎడమ కొట్టు... రానీ... కొద్దిగా తిన్నగా... రానీ... హోల్డాన్!"

లారీ సందులో కూర్చుంది. లోడు దిగిందని తెర మీద పచ్చని అక్షరాలు వచ్చాయి. ధనలక్ష్మి పకపకా నవ్వింది. సిరా కోసం వచ్చినాయన చప్పట్లు కొట్టాడు. గిరిబాబు ఈల వేశాడు. నరసింగరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కొంచెం ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"ఇదే కట్టు బాబూ" అంది ధనలక్ష్మి.

"గంటకి ఆగిపోవాలన్నావు కదేటి?" అన్నాడు మొగుడు.

"నీకు గంటే. మిగతాదంతా నాది."

ఆ తర్వాత ఆమె అలవాటు ప్రకారం బేరం మొదలుపెట్టింది. గ్యారంటీ ఏడాదేనా అంది, మూల దగ్గర గీత ఉందంది, గరివిడి నుంచి ఇంత దూరం వచ్చామంది. త్రినాథ్ చేతులు జోడించాడు. "అమ్మా, లోడు దింపి నవ్వారు మీరు. కొట్టంతా చూసింది. ఇప్పుడు తగ్గించమంటే ఎలా?" చివరికి ఒక సంచీ, ఒక మౌసు ఊరికే ఇచ్చాడు. గిరిబాబు ఆ రోజు షిఫ్టుకు వెళ్ళనే లేదు. కొత్తదే కొనమని తాను మొదటే చెప్పానని నెల్లిమర్ల దాకా బస్సులో అందరికీ చెప్పుకున్నాడు.

ఇంట్లో లాప్‌టాప్ మిషను పక్కన సరిగ్గా సరిపోయింది. మొదటి నాలుగు రోజులూ వంతులు బాగానే సాగాయి. ఐదో రోజు నుంచి ధనలక్ష్మి ట్రిప్పులు పెరిగాయి. జాకెట్లు ఆగాయి. పెళ్ళిళ్ళ రోజులు. ఏం చెయ్యాలో తెలియక నరసింగరావు ఆమె చెప్పినట్టు సూది పట్టాడు. కత్తిరింపు, కుట్టు ఆమె పొద్దున్నే చేసి పెట్టేది. హుక్కులు అతని వాటా.

ఒక మధ్యాహ్నం హైస్కూలు టీచరు సూర్యకాంతం తన పట్టుజాకెట్టు కోసం వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. పీట మీద నరసింగరావు కళ్ళజోడు పెట్టుకుని, నాలుక కొస బయటపెట్టి దారం ఎక్కిస్తున్నాడు. బల్ల దగ్గర ధనలక్ష్మి వీపు కనబడుతోంది.

"ధనలక్ష్మీ, నా జాకెట్టు అయిందా? రేపే పెళ్ళి."

"మాట్లాడించకండి మేడమ్" అన్నాడు నరసింగరావు గొంతు తగ్గించి. "కొండ మలుపులో ఉన్నాది. ఇదిగోండి మీది. అయిపోయింది."

సూర్యకాంతం జాకెట్టు విప్పి, వెలుతురుకు తిప్పి చూసుకుంది. హుక్కులన్నీ వరసగా, ఎంతో పొందిగ్గా, బోర్లా కుట్టి ఉన్నాయి.

"ఇది ఎలా తొడుక్కోవాలయ్యా?"

ధనలక్ష్మి అద్దంలో వెనక బండి చూసుకుంటూ, తల తిప్పకుండానే చెప్పింది. "ఊడదీసి మళ్ళీ కుట్టు మావా. మేడమ్, కూకోండి. ఇంక పద్దెనిమిది కిలోమీటర్లే ఉన్నాది."

సూర్యకాంతం చేసేదేం లేక స్టూలు లాక్కుని, ధనలక్ష్మి భుజం మీదుగా తెర కనిపించేట్టు జరుపుకుని కూర్చుంది.